స్టోన్ అంటే 14 పౌండ్లు ఎందుకు? ఈ ఇంగ్లీషు కొలతల్లో ఒక్కటీ 10 కాలేదేంటి?

లీసెస్టర్_లక్ష్మి
మా వాడు ఇయర్ 5. ఈ వారం హోంవర్క్ అంగుళాలు, పౌండ్లు, పింట్లు. వాటిని సెంటీమీటర్లలోకి, కిలోల్లోకి మార్చడం వాడికి వచ్చేసింది. గొడవ అక్కడ కాదు. వాళ్ల టీచర్ పక్కన ఒక పట్టిక ఇచ్చారు. 16 ఔన్సులు ఒక పౌండు, 14 పౌండ్లు ఒక స్టోన్, 8 స్టోన్లు ఒక హండ్రెడ్‌వెయిట్, 20 హండ్రెడ్‌వెయిట్లు ఒక టన్ను. కింద 12 అంగుళాలు అడుగు, 3 అడుగులు గజం, 1760 గజాలు మైలు. "అమ్మా, ఇవన్నీ ఎవరు పెట్టారు? ఒక్కటి కూడా 10 లేదేంటి?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

వీడు పుట్టినప్పుడు మిడ్‌వైఫ్ "సెవెన్ పౌండ్స్ ఇలెవెన్" అంటే, ఫోన్లో మా అత్తయ్యగారికి కిలోల్లో చెప్పడానికి మంచం మీద నుంచే కాగితం, పెన్ను అడిగాను. ఇన్నేళ్లుగా ఇక్కడ ఉంటూ కూడా ఈ లెక్క ఎందుకిలా ఉందో తెలుసుకోలేదు. ముఖ్యంగా ఆ 14 సంగతి ఎవరైనా చెప్పండి.

మెట్రిక్_మూర్తి
చిన్న జవాబు. ఒక పద్ధతంటూ లేకుండా వందల ఏళ్లు పెరిగిపోయిన గందరగోళం అది. ఫ్రాన్స్ వాళ్లు 1790ల్లోనే మీటరు, కిలో పెట్టుకుని బయటపడ్డారు. ఇంగ్లండ్ వాళ్లు పట్టుకుని వేలాడారు. పిల్లాడికి కిలోలు బాగా నేర్పండి, చాలు.

అమలాపురం_అబ్బాయి
అలాగైతే క్రికెట్ పిచ్ 20.12 మీటర్లు అనాలి మూర్తి గారూ. 22 గజాలు అంటేనే వినడానికి బాగుంటుంది.

చరిత్ర_పిచ్చోడు
లక్ష్మి గారూ, మీ 14 గొర్రెల నుంచి వచ్చింది. మధ్యయుగాల్లో ఇంగ్లండ్ బతికిందే ఉన్ని ఎగుమతి మీద. రాజుగారి ఖజానాకి సుంకం వచ్చేది కూడా ఉన్ని బస్తా మీదే. 14వ శతాబ్దంలో, మూడవ ఎడ్వర్డ్ కాలంలో, ఉన్ని బస్తా అంటే 364 పౌండ్లు, అంటే 26 స్టోన్లు అని కట్టారు. 26తో భాగించి చూడండి, 14 వస్తుంది.

మొదట్లో నిజంగా రాయి పెట్టే తూచేవారు, పేరు అలా వచ్చింది. అయితే అందరిదీ ఒకే రాయి కాదు. లండన్ మాంసం వ్యాపారుల స్టోన్ 8 పౌండ్లు. గాజు వాళ్లది 5 పౌండ్లు. ఎవరి సరుక్కి వాళ్ల రాయి. 1835లో చట్టం చేసి, స్టోన్ అంటే ఇక 14 పౌండ్లే అన్నారు. మిగతా రాళ్లు పోయి ఉన్ని వాళ్ల రాయి ఒక్కటే నిలబడింది. దానికి 8 రెట్లు 112, అదే హండ్రెడ్‌వెయిట్. పేరులో వంద ఉంటుంది, తూకంలో 112 ఉంటుంది. అంతకుముందు 100 పౌండ్లదీ, 108 పౌండ్లదీ కూడా వాడుకలో ఉండేవి. 112ని 20తో గుణిస్తే 2240, అది ఇంగ్లీషు టన్ను.

లీసెస్టర్_లక్ష్మి
అంటే మా పక్కింటావిడ "నేను లెవెన్ స్టోన్" అన్నప్పుడల్లా ఉన్ని బస్తా లెక్కలో తన బరువు చెబుతోందన్నమాట! మా వాడికి చెప్పాను, పడీ పడీ నవ్వాడు. ఇప్పుడు మైలు గురించి అడుగుతున్నాడు. 1760 ఎక్కడిది?

మెట్రిక్_మూర్తి
చరిత్ర గారు చెప్పింది నా మాటనే బలపరుస్తోంది. మాంసానికి ఒక రాయి, గాజుకి ఒక రాయి, ఉన్నికి ఒక రాయి. దీన్ని గందరగోళం అనకపోతే ఏమంటారు?

పాత_గొలుసు
అమ్మా లక్ష్మీ, నేను ముప్పై రెండేళ్లు భూముల సర్వేలో పనిచేసి రిటైరైనవాణ్ని. మైలు గురించి చెప్పాలంటే ముందు నాగలి గురించి చెప్పాలి.

ఇంగ్లండ్‌లో ఎద్దుల జతలు బరువైన నాగలిని లాగుతూ ఒక్క బిగిన ఎంత దూరం చాలు తీయగలవో, అది ఫర్లాంగు. ఆ మాటకి అర్థమే "చాలు పొడవు". మన ఊళ్లలో "ఫర్లాంగు దూరం" అంటుంటారు చూడు, అదే. అంత పొడవున ఒక రోజులో దున్నగలిగిన పట్టీ ఎకరం. ఆ రెంటినీ కొలవడానికి వాడింది ఒక కర్ర. దాన్ని రాడ్ అన్నా, పోల్ అన్నా, పెర్చ్ అన్నా ఒకటే. పొడవు పదహారున్నర అడుగులు. 40 కర్రలు ఫర్లాంగు, అంటే 660 అడుగులు. 40 కర్రల పొడవు, 4 కర్రల వెడల్పు ఉన్న చెక్క ఎకరం. 660ని 66తో గుణించు, 43,560 చదరపు అడుగులు. గజాల్లో 4840. మన రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉండే ఎకరం ఇదే, అంగుళం తేడా లేదు.

మైలు వీళ్లది కాదు. అది రోమన్లది. వెయ్యి జంట అంగలు (కుడి, ఎడమ కలిపి ఒకటి), అంటే 5000 రోమన్ అడుగులు. ఇంగ్లండ్‌లో కూడా చాలాకాలం 5000 అడుగుల మైలు వాడారు. కానీ అందులో ఫర్లాంగులు సరిగ్గా పట్టవు. 5000ని 660తో భాగిస్తే ఏడున్నర పైచిలుకు వస్తుంది. ఏదో ఒకటి జరగాలి. ఫర్లాంగుని కుదిస్తే దేశంలో ప్రతి రైతు పొలం లెక్కా మారిపోతుంది, ప్రతి పన్నూ తగాదా అవుతుంది. అందుకని మైలునే సాగదీశారు. 8 ఫర్లాంగులు మైలు అన్నారు. 8 సార్లు 660, 5280 అడుగులు. గజాల్లో మీ వాడి 1760.

వరంగల్_వాసు
అంటే దారి లెక్క వచ్చి పొలం లెక్కకి తలవంచింది. బాగుంది.

చరిత్ర_పిచ్చోడు
పాత గొలుసు గారు చెప్పినదానికి సంవత్సరం చేరుస్తాను. 1593, మొదటి ఎలిజబెత్ రాణి. అది కొలతల కోసం చేసిన చట్టం కూడా కాదు. లండన్ జనంతో కిక్కిరిసిపోతోందని, నగర ద్వారాల నుంచి మూడు మైళ్ల లోపు కొత్త ఇళ్లు కట్టకూడదని చట్టం తెచ్చారు. మూడు మైళ్లంటే ఎంతో చెప్పకపోతే కోర్టులో నిలబడదు. అందుకని అందులోనే రాశారు: మైలు 8 ఫర్లాంగులు, ఫర్లాంగు 40 పోల్స్, పోల్ పదహారున్నర అడుగులు. ఇవాళ ఇంగ్లండ్ రోడ్డు బోర్డు మీద ఉండే మైలు ఆ ఇళ్ల నిషేధం నుంచి వచ్చింది.

పల్నాటి_పిల్ల
అన్నీ బాగున్నాయి గానీ ఆ కర్ర పదహారున్నర అడుగులేంటి? అర ఎక్కడ నుంచి వచ్చి పడింది? పదహారు పెట్టుకోవచ్చుగా.

చరిత్ర_పిచ్చోడు
మంచి ప్రశ్న. కర్ర పాతది, అడుగు కొత్తది. చరిత్రకారులు ఎక్కువమంది చెప్పేది ఇది: సాక్సన్ల కాలంలో పొలాలు కొలిచిన అడుగు ఇప్పటిదానికంటే పొడవు. ఆ పాత అడుగుల్లో కర్ర 15. 1300 ప్రాంతంలో రాజు తరఫున కొత్త నియమం వచ్చింది. ఎండిన బార్లీ గింజలు మూడు వరసగా పెడితే అంగుళం, 12 అంగుళాలు అడుగు, 3 అడుగులు గజం. ఈ కొత్త అడుగు పాతదానిలో పదకొండింట పది వంతులు. పొలాలని కదపలేరు కాబట్టి కర్ర అలాగే ఉండిపోయింది, దాని పక్కన అంకె 15 నుంచి పదహారున్నర అయింది.

మూర్తి గారూ, నేను అనేది ఇదే. ఒక్కో పనివాడి లెక్క దానికదే శుభ్రంగా ఉంటుంది. 12 అంగుళాలని సగం చేయొచ్చు, మూడోవంతు, నాలుగోవంతు, ఆరోవంతు చేయొచ్చు, పెన్సిల్ అక్కర్లేదు. నాగలివాడికి 4, 40. బట్టలవాడికి సగానికి సగం మడత. వింత అంకెలన్నీ రెండు లెక్కలు అతికిన చోటే ఉంటాయి. పదహారున్నర ఒక అతుకు. 5280 ఒక అతుకు. 14 ఒక అతుకు. లక్ష్మి గారబ్బాయి పట్టికలో ఆ అతుకులే కనిపిస్తున్నాయి.

అమలాపురం_అబ్బాయి
గజం అంటే మొదటి హెన్రీ రాజుగారి చెయ్యి పొడవు అని చిన్నప్పుడు చదివాను. ముక్కు దగ్గర నుంచి బొటనవేలి దాకా. మా అమ్మ పూలు మూరతో కొలిచినట్టు.

చరిత్ర_పిచ్చోడు
రాజు తన చేతిని కొలతగా పెట్టాడని విలియం ఆఫ్ మామ్స్‌బరీ అనే 12వ శతాబ్దపు సన్యాసి రాశాడు. ముక్కు, బొటనవేలు తర్వాత చేరినవి. కథగానే తీసుకోవాలి. చెయ్యితో కొలవడం మాత్రం అన్నిచోట్లా ఉంది. వాళ్ల క్యూబిట్ మన మూర, వాళ్ల ఫాదమ్ మన బార. పోల్చి చూడండి, దాదాపు అంతే పొడవు వస్తాయి.

పాత_గొలుసు
నా హ్యాండిల్ సంగతి కూడా చెప్పేస్తాను. 1620లో లండన్ గ్రెషమ్ కాలేజీలో ఎడ్మండ్ గంటర్ అనే ఖగోళ ప్రొఫెసర్ ఒక గొలుసు తయారుచేశాడు. పొడవు 66 అడుగులు, అంటే నాలుగు కర్రలు. అందులో సరిగ్గా 100 లింకులు. ఒక్కో లింకు 7.92 అంగుళాలు. ఆ 7.92 చూసి చాలామంది ముఖం చిట్లిస్తారు గానీ, గంటర్ చేసిన పని ఎంత గొప్పదో చూడండి. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చదరాలు పది పెడితే ఎకరం. అంటే లక్ష చదరపు లింకులు ఎకరం. పొలం పొడవు లింకుల్లో, వెడల్పు లింకుల్లో కొలిచి గుణించి, కుడి నుంచి ఐదు అంకెల ముందు చుక్క పెడితే ఎకరాలు వచ్చేస్తాయి. నాలుగుల లెక్కనీ పదుల లెక్కనీ ఒకే ఇనుప గొలుసులో కలిపేశాడు. మెట్రిక్ పుట్టడానికి 170 ఏళ్ల ముందు!

మన ఆంధ్రలో సెంటు అంటే ఎకరంలో వందోవంతు కదా. అది సరిగ్గా వెయ్యి చదరపు లింకులు. 48.4 గజాలు అని గుర్తుపెట్టుకోవడానికి అందరూ ఇబ్బంది పడతారు, లింకుల్లో చూస్తే సున్నాలే.

నేను చేరిన కొత్తలో ఆ గొలుసే లాగాం. రెండు కొసలా ఇత్తడి పిడులు. ప్రతి పది లింకులకి ఒక ఇత్తడి బిళ్ల వేలాడుతుంది. పదో లింకు దగ్గర బిళ్లకి ఒక పన్ను, ఇరవై దగ్గర రెండు, ముప్పై దగ్గర మూడు, నలభై దగ్గర నాలుగు, యాభై దగ్గర మాత్రం గుండ్రటి బిళ్ల. అవతలి కొస నుంచి కూడా అదే వరస. గడ్డిలో వంగి కళ్లు మూసుకుని బిళ్ల తడిమినా ఎన్నో లింకో తెలుస్తుంది. లాగి లాగి లింకుల మధ్య రింగులు అరిగి గొలుసు సాగుతుంది. అందుకే ఆఫీసు ఆవరణలో 66 అడుగుల దూరాన రెండు రాళ్లు పాతి ఉండేవి, వారానికోసారి గొలుసుని వాటి మధ్య పరిచి చూసుకునేవాళ్లం. ఒకసారి రెండు అంగుళాలు సాగింది. చూడకుండా నాలుగెకరాల చెక్క కొలిచాను. రైతుకి రెండు సెంట్లు తక్కువ చూపించింది. ఆయన ఏమీ అనలేదు గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు కొత్త గొలుసు తెచ్చి మళ్లీ కొలిచాను.

అమలాపురం_అబ్బాయి
66 అడుగులంటే 22 గజాలు! పిచ్ అంటే గంటర్ గొలుసేనా?

పాత_గొలుసు
అదే అబ్బాయ్. 1744 నాటి క్రికెట్ నియమాల్లోనే 22 గజాలు ఉంది. సరిగ్గా ఒక గొలుసు.

వరంగల్_వాసు
మా తెలంగాణలో సెంట్లు లేవు, గుంటలు. ఎకరానికి 40 గుంటలు, గుంటకి 121 గజాలు. ఇది కూడా ఆ గొలుసేనా బాబాయ్, నిజాం లెక్కా?

పాత_గొలుసు
పేరు మనదే, పరిమాణం గొలుసుదే. గుంట 33 అడుగుల చదరం. 33 అంటే సగం గొలుసు, రెండు కర్రలు. 33 అడుగుల గొలుసు వేరే ఉండేది, రెవెన్యూ చైన్ అనేవాళ్లు, 16 లింకులు. నాలుగు చదరపు కర్రలు ఒక గుంట, 160 కర్రలు ఎకరం, భాగిస్తే 40.

హ్యూస్టన్_రాజు
భూమి గొడవ అయిపోతే గ్యాలన్ దగ్గరికి రండి. మా ఆవిడ లండన్‌లో ఉన్న వాళ్లక్క రాసి పంపిన కొలతతో పుడ్డింగ్ చేసింది. "ఒక పింట్ పాలు" అని ఉంది. ఇక్కడి పింట్ జగ్గుతో పోసింది. సుద్దముద్దలా గట్టిపడింది. అప్పుడు తెలిసింది, ఇంగ్లీషు పింట్ 568 మిల్లీలీటర్లు, అమెరికా పింట్ 473. ఒకే భాష, ఒకే పేరు, ఎందుకీ తేడా?

చరిత్ర_పిచ్చోడు
రాజు గారూ, మీ దగ్గర ఉన్నదే పాతది! ఇంగ్లండ్‌లో బీరుకి ఒక గ్యాలన్, వైన్‌కి ఒక గ్యాలన్, ధాన్యానికి ఇంకోటి ఉండేవి. బీరుది 282 ఘనపుటంగుళాలు. వైన్‌ది ఎంతో తేలక సుంకం దగ్గర తగాదాలు వచ్చేసరికి, యాన్ రాణి కాలంలో 1707లో 231 అని తేల్చారు. ఏడంగుళాల వ్యాసం, ఆరంగుళాల లోతు ఉన్న పాత్ర. 22/7తో లెక్క కట్టి చూడండి, సరిగ్గా 231 వస్తుంది.

అమెరికా విడిపోయింది, ఆ 231 గ్యాలన్ వాళ్లతో వెళ్లిపోయింది. తర్వాత 1824లో ఇంగ్లండ్ పార్లమెంటు పాతవన్నీ తీసేసి ఒకే ఇంపీరియల్ గ్యాలన్ పెట్టింది. 62 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర 10 పౌండ్ల నీళ్లు పట్టేంత. లక్ష్మి గారూ, మీ వాడికి చెప్పండి, పది దొరికింది! అది దాదాపు 277 ఘనపుటంగుళాలు, 4.546 లీటర్లు. అమెరికాది 3.785.

హ్యూస్టన్_రాజు
అయితే మా పరిశ్రమ సంగతి వినండి. నేను ఆయిల్ కంపెనీలో పనిచేస్తాను. ప్రపంచమంతా క్రూడాయిల్ బ్యారెల్‌లో లెక్కేస్తుంది, బ్యారెల్‌కి 42 గ్యాలన్లు, 159 లీటర్లు. ఆ 42 పాత ఇంగ్లీషు వైన్ పీపా కొలత, టియర్స్ అనేవాళ్లు. వైన్ టన్ 252 గ్యాలన్లు, దాంట్లో ఆరోవంతు. ఆ గ్యాలన్ యాన్ రాణి గారి 231 అంగుళాలదే అని ఇప్పుడే తెలిసింది. సౌదీలో తీసినా నైజీరియాలో తీసినా, టీవీలో రోజూ చెప్పే చమురు ధర ఆ వైన్ పీపా లెక్కన్నమాట. రేపు ఆఫీసులో చెబుతాను.

కంసాలి_వీధి
బంగారం గురించి ఎవరూ మాట్లాడలేదే. మాది మూడు తరాల కంసాలి పని. అంతర్జాతీయ ధర ఔన్సుల్లో వస్తుంది, కానీ అది లక్ష్మి గారి పట్టికలో ఉన్న ఔన్సు కాదు. ట్రాయ్ ఔన్సు. 480 గ్రెయిన్లు, 31.1 గ్రాములు. మామూలు ఔన్సు 437.5 గ్రెయిన్లు, 28.35 గ్రాములు. గ్రెయిన్ అంటే గింజ, అసలు అర్థం బార్లీ గింజ. మా తాతగారు గురివింద గింజతో తూచేవారు, ఆలోచన ఒకటే.

కానీ ట్రాయ్ పౌండుకి 12 ఔన్సులే, 5760 గ్రెయిన్లు. మామూలు పౌండుకి 16 ఔన్సులు, 7000 గ్రెయిన్లు. అంటే ఔన్సు దూది కంటే ఔన్సు బంగారం బరువు, పౌండు బంగారం కంటే పౌండు దూది బరువు. మా నాన్నగారు షాపుకొచ్చిన పిల్లలందరికీ ఈ పొడుపు కథ వేసేవారు.

మన తులం కూడా ట్రాయ్ లెక్కలోకి వెళ్లింది. ఈస్టిండియా కంపెనీ 1833లో తులాన్ని 180 ట్రాయ్ గ్రెయిన్లుగా కట్టింది, 11.66 గ్రాములు. రూపాయి నాణెం బరువు అంతే. 80 తులాలు సేరు, 40 సేర్లు మణుగు. గుణిస్తే మణుగు సరిగ్గా 100 ట్రాయ్ పౌండ్లు. ఇప్పుడు షాపుల్లో తులం అంటే 10 గ్రాములు అంటున్నారు, అది వేరు.

పల్నాటి_పిల్ల
మరి సవరన్ 8 గ్రాములు?

కంసాలి_వీధి
అది ఇంగ్లండ్ బంగారు నాణెం తల్లీ, సావరిన్. 40 ట్రాయ్ పౌండ్ల 22 క్యారెట్ల బంగారంతో 1869 నాణేలు కొట్టాలని నియమం. ఒక్కోటి 7.988 గ్రాములు. మనవాళ్లు 8 అనుకున్నారు.

మెట్రిక్_మూర్తి
కథలు బాగున్నాయి, కాదనను. కానీ మీరంతా ఒక సంగతి వదిలేస్తున్నారు. ఈ తేడాల్లో నష్టపోయింది ఎవరు?

1215లో మాగ్నా కార్టా 35వ నిబంధనలోనే ఉంది, దేశమంతటా వైన్‌కి ఒకే కొలత, బీరుకి ఒకే కొలత, ధాన్యానికి ఒకే కొలత ఉండాలని. ఒకే గ్యాలన్ వచ్చింది 1824లో. ఆరొందల ఏళ్లు! ఈ మధ్యలో పేదవాడి సంచి ఎన్నిసార్లు తరిగి ఉంటుందో ఆలోచించండి.

కుప్ప కొలత తీసుకోండి. బుషెల్ అనే తొట్టెలో బొగ్గు, బంగాళాదుంపలు పైన గోపురంలా పోసేవారు. 1824 చట్టంలో కూడా ఆ గోపురం కనీసం ఆరంగుళాల ఎత్తుండాలని రాశారు. అదే పరిమాణం తొట్టెని వెడల్పుగా, లోతు తక్కువగా చేయిస్తే గోపురం పెద్దదవుతుంది. కొనేటప్పుడు వెడల్పు తొట్టె, అమ్మేటప్పుడు ఇరుకు తొట్టె. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో కూలి గింజలు కొలిచేటప్పుడు మానిక అంచు మీద కర్రతో గీసేసేవారు, శిస్తు ధాన్యం తీసుకునేటప్పుడు కుప్పగా పోయించుకునేవారు. అమ్మమ్మ అది చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు మారుతుంది. ఇంగ్లండ్‌లో ఆ కుప్ప కొలతని 1835లో గానీ రద్దు చేయలేదు.

ఐర్లండ్‌లో ఇంకోలా. అక్కడ కర్ర ఏడు గజాలు, అంటే 21 అడుగులు. ఎకరం 7840 గజాలు. ఎకరానికి ఇంత అని కౌలు మాట్లాడుకుంటే ఏ ఎకరం అని అడగాలి.

ఇక మన కాలంలో. 1983లో కెనడాలో ఒక బోయింగ్ 767కి 22,300 కిలోల ఇంధనం కావాల్సిన చోట 22,300 పౌండ్లు పడింది. గాల్లో రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. పైలట్ల నేర్పు వల్ల గిమ్లీ అనే చోట పాత రన్‌వే మీద దించగలిగారు. 1999లో నాసా అంగారకుడి దగ్గరికి పంపిన నౌక పౌండ్లు, న్యూటన్ల తికమకతోనే పోయింది. నేను ఫిజిక్స్ చెబుతాను. యూనిట్ రాయకపోతే మార్కులు ఇవ్వను. పిల్లలు నన్ను తిట్టుకుంటారు, పర్లేదు.

లీసెస్టర్_లక్ష్మి
మూర్తి గారూ, ఆ కుప్ప సంగతి చదివి మనసు బరువెక్కింది. మా తాతయ్య కౌలు రైతు.

పాత_గొలుసు
మూర్తి గారు చెప్పింది నిజం. నేను గొలుసుని మెచ్చుకున్నది అందుకే. గంటర్ గొలుసు ఎవరి చేతిలో ఉన్నా 66 అడుగులే, గోపురం పోయడానికి చోటు లేదు. కొలత వింతగా ఉండొచ్చు, రెండు వైపులా ఒకటే ఉండాలి. 14 పౌండ్ల రాయి అందరికీ 14 అయితే అన్యాయం లేదు. ఒక్క మాటలో మాత్రం మీతో ఒప్పుకోను. కిలో వచ్చినంత మాత్రాన మోసం పోలేదు. మా సంతలో కిలో రాయి అడుగున గుల్ల చేసినవి నేను చేత్తో పట్టుకుని చూశాను.

మెట్రిక్_మూర్తి
అది ఒప్పుకుంటాను.

వరంగల్_వాసు
అసలు గజం, అసలు పౌండు ఎక్కడైనా దాచిపెట్టి ఉండేవా? ఇంత గొడవ జరిగితే చివరికి దేంతో పోల్చి చూసేవారు?

చరిత్ర_పిచ్చోడు
ఉండేవి, కాలిపోయాయి. ఇది ఈ చరిత్రలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం.

ఇంగ్లండ్ ఖజానాలో వందల ఏళ్లపాటు రసీదులు చెక్క ముక్కల మీద ఉండేవి. కర్ర మీద గాట్లు పెట్టి, నిలువునా చీల్చి, చెరో సగం ఉంచుకునేవారు. రెండు సగాలు కలిపితే గాట్లు కలవాలి. ఆ గాట్ల మందం కూడా కొలతే. వెయ్యి పౌండ్ల (ఇక్కడ పౌండంటే డబ్బు) గాటు అరచేయి మందం, వందకి బొటనవేలు, ఇరవైకి చిటికెన వేలు, ఒక్క పౌండుకి పండిన బార్లీ గింజ మందం. 12వ శతాబ్దపు ఖజానా పుస్తకంలో ఉంది ఇది.

ఆ పద్ధతి పోయాక గుట్టలుగా కర్రలు మిగిలాయి. 1834 అక్టోబర్ 16న వాటిని పార్లమెంటు భవనం కింది పొయ్యిల్లో వేసి కాల్చారు. పొగగొట్టాలు వేడెక్కి మొత్తం భవనం అంటుకుంది. దేశపు అసలు గజం, అసలు పౌండు అక్కడే ఉన్నాయి. గజం పాడైపోయింది, పౌండు దొరకనే లేదు.

గజం పోతే లండన్‌లో సెకనుకి ఒకసారి ఊగే లోలకం పొడవుతో మళ్లీ కట్టుకోవచ్చని 1824 చట్టంలో ముందే రాసుకున్నారు. తీరా అవసరం వచ్చాక చూస్తే ఆ పద్ధతి అంత కచ్చితంగా రాదని తేలింది. చివరికి అక్కడక్కడా ఉన్న మంచి నకళ్లన్నీ తెప్పించి, పోల్చి, కొత్త కంచు గజం పోశారు. 1855లో అది చట్టబద్ధమైంది. ఈసారి ఒకే చోట పెట్టలేదు. నకళ్లు వేరువేరు చోట్ల ఉంచి, ఒకదాన్ని పార్లమెంటు గోడలోనే పెట్టి కట్టేశారు.

ఇప్పుడు ఆ కంచు కూడా అక్కర్లేదు. 1959 జూలై 1 నుంచి గజం అంటే సరిగ్గా 0.9144 మీటరు, పౌండు అంటే సరిగ్గా 0.45359237 కిలో. మూర్తి గారూ, మీ మీటరే చివరికి అన్నిటికీ ఆధారం అయింది.

అమలాపురం_అబ్బాయి
రసీదు కట్టెలు కాలి కొలబద్ద కాలిపోవడం! ఇది నేను పది మందికి చెప్పాలి.

పల్నాటి_పిల్ల
చెప్పుల సైజు కూడా వీటిదేనా? మనకీ యూకే నంబర్లే కదా వస్తాయి.

చరిత్ర_పిచ్చోడు
అవును. ఏడు నంబరుకీ ఎనిమిదికీ తేడా అంగుళంలో మూడోవంతు. అంటే ఒక బార్లీ గింజ.

లీసెస్టర్_లక్ష్మి
ఆలస్యంగా రాస్తున్నా. హాఫ్ టర్మ్ సెలవుల్లో లండన్ వెళ్లి గ్రీనిచ్ అబ్జర్వేటరీకి తీసుకెళ్లాను వీణ్ని. అందరూ రేఖాంశం గీత మీద ఫొటో కోసం క్యూలో ఉన్నారు. బయట గేటు పక్కన, 24 గంటల గడియారం కింద, గోడకి బిగించి ఉన్నాయి ప్రజల కొలతలు: గజం, రెండడుగులు, అడుగు, ఆరంగుళాలు, మూడంగుళాలు. ఎవరైనా తమ కొలబద్ద తెచ్చి అక్కడ పెట్టి చూసుకోవచ్చన్నమాట. పాత గొలుసు బాబాయ్ గారి ఆఫీసు ఆవరణలో రాళ్లు గుర్తొచ్చాయి నాకు. మా వాడు బ్యాగులోంచి స్కూల్ స్కేలు తీసి అడుగు దగ్గర ఆనించాడు. "అమ్మా, మనది కరెక్టే" అన్నాడు. స్కేలు కొస దాటి ప్లాస్టిక్ కొంచెం ఎక్కువుంటుంది కదా, అది మినహాయించి చూడాలని కూడా వాడే చెప్పాడు.

టీచర్‌కి 14 కథ చెప్పాడట. క్లాసులో అందరిచేతా ఉన్ని బస్తా లెక్క చేయించారట. ఇప్పుడు కొత్త ప్రశ్న. పౌండుని ఎల్‌బీ అని ఎందుకు రాస్తారు?

చరిత్ర_పిచ్చోడు
లాటిన్ లిబ్రా. రోమన్ల తూకం. దాంట్లో పన్నెండోవంతు ఉన్సియా. ఆ ఒక్క మాట నుంచే ఔన్సూ వచ్చింది, ఇంచీ వచ్చింది. ఒకటి బరువులో పన్నెండోవంతు, ఇంకోటి అడుగులో పన్నెండోవంతు.

పల్నాటి_పిల్ల
పాత గొలుసు గారూ, ఒక సొంత ప్రశ్న. నాన్న కొంటున్న స్థలం పాత ఎఫ్ఎంబీ (సర్వేవాళ్ల పొలం కొలతల పుస్తకం) నకలులో ఒకవైపు 180, ఒకవైపు 125 అని ఉంది. మూలలన్నీ సమకోణాలే. అడుగులనుకుని లెక్కేస్తే 51 సెంట్లు దాటిపోతోంది. అమ్మేవాళ్లు 22 సెంట్లు అని అగ్రిమెంట్ రాశారు. అవి మీరు చెప్పిన లింకులేనా?

పాత_గొలుసు
లింకులే తల్లీ. 180ని 125తో గుణిస్తే 22,500. వెయ్యికి ఒక సెంటు. 22 కాదు, ఇరవై రెండున్నర. ఆ అర సెంటు 24 గజాలు. రిజిస్ట్రేషన్ లోపలే కొలిపించి, దాన్ని కూడా దస్తావేజులో రాయించుకోమని నాన్నగారికి చెప్పు. టేపుతో కొలిచేవాళ్లకి ముందే చెప్పండి, 180 లింకులంటే 118 అడుగుల తొమ్మిదిన్నర అంగుళాలు.